వంశగుణములు, మేనరికములు
పంచాయతీ సభ్యులకు ఒక పాఠము

కృష్ణా డెల్టా గ్రామములలో మేనరికము తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆస్తి చెదరిపోదనియు, పిల్ల పరాయి ఇంట కష్టపడదనియు పెద్దలు ఈ సంబంధములను కోరుదురు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు నాలుగింట ఒకరు రక్తసంబంధీకుని పెండ్లాడినవారే. ఇట్టి ఇంట జబ్బుతో బిడ్డ పుట్టినపుడు "కోడలి కడుపు మంచిది కాదు" అను నింద బయలుదేరును. ఈ నింద ఎంత అన్యాయమో గ్రహింపవలెనన్న, వంశగుణములు బిడ్డకు ఎట్లు సంక్రమించునో ముందుగా తెలిసికొనవలెను.

జన్యువులు – దాగియుండు గుణములు

మన దేహములోని కణములలో 23 జతల క్రోమోజోములు ఉండును. ప్రతి జతలో ఒకటి తల్లి ఇచ్చినది, రెండవది తండ్రి ఇచ్చినది. వీనిపై జన్యువులు వరుసగా అమరియున్నవి. ఒక్కొక్క జన్యువు దేహ నిర్మాణమునకు ఒక ఆదేశపత్రము వంటిది. చాల జన్యువుల విషయమున రెండు ప్రతులలో ఒకటి చెడినను, రెండవది పని నడపును. అందుచే లోపము పైకి కానరాదు. అట్టి లోపమును మోయుచు ఆరోగ్యముగా ఉండువారిని వాహకులందురు.

ఇది డెల్టా రైతులకు తమ పొలములోనే కనిపించు సత్యము. 1986లో బాపట్ల నుండి వెలువడిన సాంబ మసూరి (బి.పి.టి. 5204) పూర్వులలో తైచుంగ్ నేటివ్–1 అను పొట్టి వరి ఒకటి. దాని పొట్టితనము దాగు స్వభావము కలది. దానిని పొడుగు వరితో సంకరపరచినచో మొదటి తరము మొక్కలు పొడుగుగానే పెరుగును. వాని గింజలు నాటినచో రెండవ తరమున సుమారు నాలుగింట ఒకటి పొట్టిగా తేలును. గుణము నశింపలేదు, దాగియున్నది. బఠాణీ మొక్కలపై ఈ లెక్కను కనుగొని 1866లో ప్రకటించినవాడు మెండెల్.

తలసీమియా

మనుష్యులలో ఈ లెక్కకు తలసీమియా మంచి నిదర్శనము. ఇది రక్తములోని హిమోగ్లోబిన్ తయారీకి సంబంధించిన లోపము. వాహకుడు అందరివలెనే దున్నును, కోయును. దంపతులిద్దరును వాహకులైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు జబ్బు వచ్చుటకు నాలుగింట ఒక పాలు, వాహకత్వమునకు రెండు పాళ్లు, ఏ లోపము లేకుండుటకు ఒక పాలు అవకాశముండును. ఒక బిడ్డకు జబ్బు వచ్చినది గనుక తక్కిన ముగ్గురికి భయము లేదనుకొనరాదు. పేకముక్కలు ప్రతి ఆటకును కొత్తగా కలిపి పంచినట్లే, ప్రతి కాన్పునకును లెక్క కొత్తదే.

జబ్బు బిడ్డ పుట్టినపుడు బాగుగనే ఉండి, కొన్ని నెలలకు పాలిపోవును. తరువాత రెండు మొదలు నాలుగు వారములకు ఒకసారి రక్తము ఎక్కింపవలెను. దేహములో పేరుకొను ఇనుమును తొలగించు మందులును వాడవలెను. ఇందులో తల్లి పాలెంతో తండ్రి పాలును అంతే.

మేనరికమున ముప్పు ఎట్లు పెరుగును

మేనమామ, మేనకోడలి జన్యువులలో సుమారు నాలుగవ వంతు ఉమ్మడి. మేనత్త, మేనమామ బిడ్డలకు ఎనిమిదవ వంతు ఉమ్మడి. తాతయందు దాగిన లోపము ఇరువురికిని వచ్చి, వారి బిడ్డయందు కలియవచ్చును. ఏ దంపతులకైనను నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలు పుట్టుకతో లోపములు కలిగియుందురు. మేనత్త, మేనమామ బిడ్డల వివాహములలో దీనికి సుమారు మరి రెండు, మూడు చేరును. మేనమామతో వివాహమున ఇంకను హెచ్చు. కావున హడలిపోనక్కరలేదు, అశ్రద్ధయు తగదు. పరాయి సంబంధమైనను ఇరువురును వాహకులు కావచ్చునని మరువరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1. పెండ్లికి ముందే వధూవరులిద్దరికిని రక్తపరీక్ష, అవసరమైనచో హిమోగ్లోబిన్ ఎ–2 పరీక్ష చేయింపుడని చెప్పవలెను. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల వైద్యుల సలహా పొందవచ్చును.

2. ఇరువురును వాహకులైన దంపతులు గర్భము నిలిచిన వెంటనే వైద్యుని కలియవలెను. శిశువుకు జబ్బు ఉన్నదో లేదో గర్భమునందే పరీక్షించు మార్గము కలదు. అయితే 1994 చట్టము ప్రకారము లింగమును వెల్లడించుట నేరము. ఆడపిల్ల పుట్టుటయు తల్లి దోషము కాదు. లింగమును నిర్ణయించునది తండ్రి ఇచ్చు క్రోమోజోము.

3. 2016 వికలాంగుల హక్కుల చట్టమున తలసీమియా చేరియున్నది. రోగులకు ధ్రువపత్రము వచ్చునట్లు తోడ్పడవలెను.

4. బిడ్డకు తరచుగా కావలసిన రక్తమునకై గ్రామ యువకులచే రక్తదానము చేయింపవలెను.

వాహకుల పేర్లు రచ్చబండపై చర్చింపరాదు. పరీక్షలో తేలిన మాట ఆ కుటుంబమునకు, వైద్యునికి మాత్రమే చెందినది. మా మనవి ఒక్కటే: కోడలిపై నింద వినబడిన చోట పంచాయతీ సభ్యుడు ఊరకుండక, ఈ లెక్కను విప్పి చెప్పి, దంపతులిద్దరిని పరీక్షకు పంపవలెను.