సూది లేని టీకాకు ఎలాంటి శాస్త్రవేత్తలు కావాలి?

పోలియో చుక్కలు అందరికీ తెలిసినవే. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసే రోటావాక్ కూడా నోట్లో వేసే చుక్కలే. కలరాకు శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన శాన్‌కోల్ సైతం తాగించే టీకాయే. ఈ మూడింటిలోనూ ఉండేది బలహీనపరిచిన లేదా చంపిన సూక్ష్మజీవి. హెపటైటిస్-బి టీకాలోలా శుద్ధిచేసిన ప్రొటీన్‌ను మాత్రమే ఇవ్వాలంటే ఇప్పటికీ సూదే దిక్కు. ఆ ప్రొటీన్‌ను నోటి నుంచి పేగు దాకా చెక్కుచెదరకుండా మోసుకెళ్లే సూక్ష్మ బుడగలను తయారుచేయడం ఇప్పుడొక పరిశోధన రంగం. ఫార్మసీ, బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ విద్యార్థులు దీని గురించి తెలుసుకోవాలి.

అసలు చిక్కంతా మన జీర్ణవ్యవస్థలోనే ఉంది. కడుపులోని ఆమ్లం, పెప్సిన్ కలిసి ప్రొటీన్‌ను ముక్కలు చేసేస్తాయి. దాన్ని కాపాడాలంటే కొవ్వు పొరతో చేసిన లైపోజోమ్‌లో దాచవచ్చు. 1960ల్లో ఇంగ్లండ్‌లో అలెక్ బాంగమ్ వర్ణించిన బుడగలివి. కానీ చిన్నపేగులోకి రాగానే పైత్యరస లవణాలు, జిడ్డు గిన్నెను సబ్బు కడిగేసినట్టు, ఆ పొరను కరిగించేస్తాయి. 2001లో గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి ఒక చక్కని ఉపాయం చూపించారు. ఆ లవణాలనే ముందుగా బుడగ పొరలో కలిపేశారు. దాంతో పేగులోని పైత్యరసాన్ని అది తట్టుకోగలిగింది. వీటికి బైలోజోమ్‌లని పేరు. మధ్యప్రదేశ్‌లోని సాగర్ విశ్వవిద్యాలయ ఫార్మసీ పరిశోధకులు 2008లో ఇవే బుడగల్లో హెపటైటిస్-బి యాంటిజెన్ (టీకాలోని ప్రొటీన్) నింపి ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చారు. మోతాదు పెంచితే ఇంజెక్షన్‌తో పోల్చదగిన యాంటీబాడీలు రక్తంలో కనిపించాయి. శ్లేష్మ పొరలను కాపాడే ఐజీఏ అనే యాంటీబాడీ కూడా అక్కడ తయారైంది. కండరానికి వేసే ఇంజెక్షన్ సాధారణంగా ఈ ఐజీఏను బాగా పుట్టించలేదు. నోటి టీకా మీద ఇంత ఆశ పెట్టుకోవడానికి కారణం అదే.

బుడగ పేగు దాకా చేరితే సగం పనే అయినట్టు. పేగు గోడలోని పేయర్స్ ప్యాచెస్ మీద ఉండే ఎం కణాలు దాన్ని పట్టుకుని లోపలి రోగనిరోధక కణాలకు అందించాలి. అప్పుడు కూడా శరీరం స్పందిస్తుందన్న హామీ లేదు. రోజూ తినే పప్పు, పాలలోని ప్రొటీన్‌ను శత్రువుగా చూడకపోవడం పేగు స్వభావం. ఆ సహనాన్ని దాటించి రోగనిరోధక స్పందనను పెంచే అడ్జువెంట్‌ను ఎంచుకోవడం ఇమ్యునాలజీ తెలిసినవారి పని. మన ఫార్మసీ కాలేజీల ప్రాజెక్టుల్లో నాకు కనిపించే లోటు ఇక్కడే ఉంది. బుడగ సైజు, దాని ఉపరితల విద్యుదావేశాన్ని సూచించే జీటా పొటెన్షియల్, ఎంత శాతం ప్రొటీన్ లోపల నిలిచిందనే లెక్క రాగానే థీసిస్ ముగిసిపోతుంది. అటువైపు యాంటీబాడీలను కొలిచే ఎలీసా పరీక్ష చేతికొచ్చిన బయోటెక్ విద్యార్థికి ఫార్ములేషన్ ఊసే తెలియదు. రెండు వైపులా నడవగలిగే మనిషి ఈ రంగానికి కావాలి. అలాంటివారు తక్కువ.

రోజువారీ పని ఎలా ఉంటుందంటే, ఫ్లాస్క్‌లో లిపిడ్లను కరిగించి, రోటరీ ఎవాపరేటర్‌పై పలుచని పొరగా ఆరబెట్టి, యాంటిజెన్ ద్రావణంతో తడిపి బుడగలు రాబట్టాలి. సోనికేటర్‌తోనో ఎక్స్‌ట్రూడర్‌తోనో వాటిని చిన్నవి చేయాలి. సైజు కొలిచి, కృత్రిమ జఠరరసంలో, పైత్యరసంలో ఉంచి ఎంతసేపు నిలుస్తాయో చూడాలి. నెలల తరబడి అదే ప్రయోగం మళ్లీ మళ్లీ చేయాల్సి రావచ్చు. ఓపిక లేనివారికి ఇది నప్పదు.

దారి విషయానికొస్తే, బీఫార్మసీ తర్వాత జీప్యాట్ రాసి ఎంఫార్మసీ ఫార్మాస్యూటిక్స్‌లో చేరవచ్చు. అర్హత పొందినవారికి నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్‌లో సీటుకు నైపర్ జేఈఈ ఉంటుంది. బయోటెక్నాలజీ పీజీకి గ్యాట్-బి ఉంది. పరిశోధనకు వెళ్లాలంటే సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్, డీబీటీ ఫెలోషిప్ పరీక్షలున్నాయి. వీటి ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 నుంచి నెలకు రూ.37,000. తార్నాకలోని ఐఐసీటీలో లిపిడ్ల రసాయన శాస్త్రం, హబ్సిగూడలోని సీసీఎంబీలో కణజీవశాస్త్రం బలమైనవి. టీకా పరిశోధనే కావాలనుకుంటే ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ కూడా చూడండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. బైలోజోమ్‌లపై ఇప్పటిదాకా జరిగిన పని ఎక్కువగా జంతువులపై పరీక్షల దశలోనే ఉంది. కాబట్టి 'నోటి బైలోజోమ్ టీకా ఉద్యోగం' అనే ప్రకటన కోసం ఎదురుచూడకండి. అయితే ఇక్కడ నేర్చుకున్న చేతిపని వృథా పోదు. 1995లో అమెరికాలో అనుమతి పొందిన లైపోజోమ్ క్యాన్సర్ ఇంజెక్షన్ డాక్సిల్ నుంచి కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల దాకా అన్నిటికీ లిపిడ్ కణాలే ఆధారం. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని టీకా కంపెనీల్లో, ఇంజెక్షన్లు తయారుచేసే ఫార్మా కంపెనీల్లో ఫార్ములేషన్, అనలిటికల్, స్కేల్-అప్ విభాగాలకు ఈ అనుభవం అక్కరకొస్తుంది.

పీజీ ప్రాజెక్టు ఎంచుకునే ముందు గైడ్‌ను రెండు ప్రశ్నలు అడగండి: జంతువులపై ప్రయోగాలకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? ఐజీఏ కొలవడానికి ఏదైనా ఇమ్యునాలజీ ల్యాబ్‌తో కలిసి పనిచేస్తున్నారా? రెండింటికీ లేదనే జవాబొస్తే, కనీసం వేసవి సెలవుల్లోనైనా ఎలీసా, కణాల కల్చర్ నేర్పే ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ వెతుక్కోండి. దరఖాస్తులు జనవరిలోనే పంపడం మొదలుపెడితే మంచిది.