మట్టి బ్యాక్టీరియాతో కొత్త మందులు

తొలకరి మట్టివాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ బ్యాక్టీరియాయే ఎన్నో యాంటీబయాటిక్‌లకు పుట్టిల్లు. వాటిలో ఒకటైన స్ట్రెప్టోమైసిన్‌కు శాస్త్రవేత్త వాక్స్‌మన్ 1952లో నోబెల్ అందుకున్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ 1948లో వెలువరించిన ఆరియోమైసిన్‌దీ ఈ కుటుంబమే.

ఉన్నదాన్ని ఏరుకోవడం ఒక ఎత్తు, లేనిదాన్ని చేయించడం మరో ఎత్తు. 1985లో బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ హాప్‌వుడ్ బృందం, నీలిరంగు యాంటీబయాటిక్ యాక్టినోరోడిన్‌ను చేసే జన్యువులను, మెడర్మైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌ను తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ జాతిలోకి పంపింది. అలా పుట్టిందే మెడర్‌రోడిన్, జన్యు ఇంజినీరింగ్ తెచ్చిన తొలి సంకర యాంటీబయాటిక్. మందుల షాపు దాకా రాలేదు గానీ, దారి తెరిచింది.

ఆ దారిలోనే 2001లో స్టాన్‌ఫర్డ్‌లో చైతన్ ఖోస్లా బృందం ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూలచట్రాన్ని ఈ.కొలై అనే వేరే బ్యాక్టీరియా చేత చేయించింది.

2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జీనోమ్ వెల్లడయ్యాక యాంటీబయాటిక్‌ల వంటి పదార్థాలను తయారుచేసే జన్యు సమూహాలు అందులో 20కి పైగా బయటపడ్డాయి. వాటిలో చాలావరకు ప్రయోగశాలలో మౌనంగానే ఉంటాయి. వాటిని పలికించడమే ఇప్పటి పరిశోధకుల పని.