డెక్కుకు కన్నం పడితే: నీరు దిగకుండా చిట్కాలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. ఒడ్డుకెక్కిన ఫైబర్ బోట్లకు రంగులు, మరమ్మతులు ఎక్కువగా అప్పుడే సాగుతాయి. జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు, ఫిష్ ఫైండర్, డెక్కు లైటు, వీటిలో ఏది కొత్తగా బిగించినా ఎక్కడో ఒక కన్నం తప్పదు. చుట్టూ ఇంత సీలెంట్ పూసి వదిలేస్తే, కాలి కింద డెక్కు మెత్తబడేదాకా లోపల ఏం జరుగుతోందో తెలియదు.

1. ముందు చోటు చూడండి. డెక్కు మీద నీళ్లు నిలిచే పల్లంలో కన్నం వద్దు. వీలైతే కేబిన్ నిలువు గోడకు, కాస్త ఎత్తున పెట్టండి. డ్రిల్లు పట్టేముందు కింద ట్యాంకు, వైర్లు ఉన్నాయేమో తొంగి చూడటం మరవద్దు.

2. చాలామంది వదిలేసే పని ఇదే. కొన్ని డెక్కుల్లో పైనా కిందా ఫైబర్ పొరలు, మధ్యలో ప్లైవుడ్డో బల్సా చెక్కో ఉంటుంది. కన్నం అంచున ఆ చెక్క బయటపడిందంటే నీరు పీల్చి చుట్టూ కుళ్లుతుంది. అందుకే కన్నం వేశాక ఒక మేకును వంచి డ్రిల్లుకు బిగించి, నెమ్మదిగా లోపల తిప్పండి. పై పొరలు అలాగే ఉండి, మధ్య చెక్క మాత్రం చుట్టూ ఓ 10 మి.మీ. మేర పొడిగా రాలుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, మేకు ఎగరొచ్చు. రాలిన పొట్టు తడిగా, నల్లగా ఉంటే చెమ్మ పాతదన్నమాట. అది పూర్తిగా ఆరేదాకా ముందుకు వెళ్లొద్దు. తర్వాత కింద టేపు అంటించి, చిక్కగా కలిపిన ఎపాక్సీ నింపండి. యార్డులో చవగ్గా దొరికే పాలియెస్టర్ రెసిన్ చెక్కను అంత గట్టిగా పట్టదు. మర్నాడు ఆ గట్టి ముద్ద మధ్యలోంచి కావలసిన సైజులో మళ్లీ కన్నం వేయండి.

3. కన్నంలో కేబుల్ చుట్టూ బిగుసుకుని నీటిని ఆపే ఫిట్టింగే గ్లాండు. ఒక గ్లాండుకు ఒకే కేబుల్. రెండు వైర్లు కలిపి దూరిస్తే వాటి మధ్య సందు అలాగే మిగులుతుంది. పీజీ 9 గ్లాండు సుమారు 4–8 మి.మీ., పీజీ 11 సుమారు 5–10 మి.మీ. గుండ్రటి కేబుల్‌ను పట్టుకుంటుంది. యాంటెన్నా కేబుల్ దూరినా దాని కనెక్టర్ దూరదు. కాబట్టి కనెక్టర్ విప్పి మళ్లీ వేయించండి, లేదంటే రెండు ముక్కలుగా విడిపోయే గ్లాండు కొనండి.

4. స్టీరింగ్, థ్రాటిల్ కేబుళ్లు కదులుతుంటాయి. వాటికి సీలెంట్ నిలవదు. మడతల రబ్బరు తొడుగు వేసి, రెండు చివర్లా క్లిప్పులు బిగించాలి.

5. బాత్‌రూమ్ సిలికాన్ ఇక్కడ వాడొద్దు. ఒకసారి అంటుకుంటే గీకినా జిడ్డు పొర మిగులుతుంది, దానిమీద రంగుగానీ మరో సీలెంట్‌గానీ నిలవదు. ఎం-సీల్ లాంటి ముద్ద రాయిలా గట్టిపడుతుంది. ఇంజిన్ అదురుకు వైరు చుట్టూ చీలిక పడుతుంది. మెరైన్ పాలీయురిథేన్ మేలు, కానీ దానిలో శాశ్వతంగా అతుక్కునే రకం కొంటే రేపు ఫిట్టింగు విప్పేటప్పుడు ఫైబర్ కూడా ఊడొస్తుంది. విప్పే అవసరం ఉన్నచోట బ్యూటైల్ టేపు వాడండి. అది గట్టిపడదు.

6. స్క్రూ కన్నాల పై అంచును కొంచెం వాలుగా చెక్కండి, సీలెంట్ ఆ గుంటలో రింగులా నిలుస్తుంది. అసిటోన్‌తో తుడిచి, ఆరాకే పూయండి. ఒక్కసారే బిగించేస్తే సీలెంట్ అంతా బయటికి కక్కేసి లోపల ఏమీ మిగలదు.

7. వైరు కన్నంలోకి దూరేముందు కిందికి వేలాడి, తిరిగి పైకి రావాలి. చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. డెక్కు మీదే దూర్చక తప్పకపోతే నోరు కిందికి వంగిన స్టీలు గొట్టం బిగించండి.

8. పెట్రోలు గొట్టాన్ని, కరెంటు వైరును ఒకే కన్నంలోంచి పంపొద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు.

9. పని అయ్యాక పరీక్షించండి. ఒకరు లోపల కాగితం రుమాలు పట్టుకుని కూర్చుంటే, ఇంకొకరు పైపుతో నీళ్లు కొట్టాలి. కింది ఫిట్టింగుతో మొదలుపెట్టి, ఒక్కోదాని మీద కాసేపు ఆగి పైకి వెళ్లండి. పైనుంచి మొదలుపెడితే అన్నీ ఒకేసారి తడుస్తాయి, కారేది ఏదో తేలదు. రుమాలు తడిసిన చోటికి సరిగ్గా పైనే లీకు ఉంటుందనుకోకండి. నీరు వైరు వెంట, దుంగ వెంట మూరెడు దూరం జారి కూడా కారుతుంది.