పెరడే పొలమైంది

గుంటూరులో ఒక వీధి చివర తాపీ మేస్త్రీ ఇల్లు. ఇంటి వెనక చిన్న పెరడు. వెడల్పు 20 అడుగులు, పొడవు 30 అడుగులు. సెంటున్నర కూడా లేదు. ఒక మూల కరివేపాకు చెట్టు, ఇంకో మూల మునగ చెట్టు. మిగతా అంతా విరిగిన ఇటుకలు, పిచ్చిమొక్కలు.

"ఇక్కడ గది వేద్దాం. మిగిలింది గచ్చు చేద్దాం. గది అద్దెకిస్తే నెలనెలా డబ్బులు" అన్నాడు మేస్త్రీ.

"ఒక్కసారి సిమెంటు పోశాక మళ్ళీ మట్టి వస్తుందట్రా?" అంది వాళ్ళమ్మ. "సంక్రాంతి దాకా ఆగు. అప్పుడు చూద్దాం."

ఆమె పల్లెటూరిలో పొలం పనులు చేసిన మనిషి. కోడలికి సేద్యం తెలియదు. కానీ రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కూడబలుక్కుని చదువుతుంది. లెక్క రాస్తుంది.

జూన్‌లో తొలకరి పడింది. అత్తాకోడళ్ళు ఇటుకలు ఏరి గోడ పక్కన పేర్చారు. నేల తవ్వి మడులు కట్టారు. ఒక్కో మడి 3 అడుగుల వెడల్పు. అంతకు మించితే నడిమికి చెయ్యి అందదు. మడిలోకి దిగితే మట్టి గట్టిపడుతుంది. మడికి మడికి మధ్య కాలు పట్టేంత దారి వదిలారు.

తోటకూర గింజలు ఆవాల కంటే సన్నం. పిడికెడు గింజలు ఒకచోటే పడిపోతాయి. అందుకని అత్త వాటిని పొడి ఇసుకలో కలిపి చల్లింది. నాలుగు వారాలకు కూర కోతకు వచ్చింది. కానీ మడి అంతా ఒకేసారి వచ్చింది! రెండు రోజులు తిన్నారు. మిగిలింది ముదిరిపోయింది.

"పొలమైతే అంతా ఒకేసారి కోసి అమ్ముతాం. ఇంటికైతే అలా కాదమ్మాయ్" అంది అత్త. అప్పటి నుంచి 10 రోజులకు ఒక చిన్న మడి చొప్పున చల్లారు. ఒకదాంట్లో తోటకూర, ఒకదాంట్లో పాలకూర, ఒకదాంట్లో మెంతికూర. ఇక ఆకుకూర కొనే పని తప్పింది. వంగనారు పోసి, నెల తరువాత తీసి నాటారు. గోడ వెంట గోంగూర, బెండ వేశారు. చిక్కుడు పాదు పెట్టి పందిరి వేశారు.

మరి నీళ్ళు? బియ్యం కడిగిన నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు మడులకే పోశారు. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూరలకు పోయలేదు. వాటికి కాలవ తీసి అరటి పిలక వైపు మళ్ళించారు.

కోడలు ఒక నోటు పుస్తకం పెట్టింది. తేదీ వేసి, ఆ రోజు ఏం కోశారో రాసేది. "తోటకూర 3 కట్టలు. బెండకాయలు అరకిలో." మేస్త్రీ ఆ పుస్తకం తిరగేసి నవ్వి ఊరుకునేవాడు.

ఆగస్టులో అత్తకు ఇంకో ఆలోచన వచ్చింది. తొక్కలు, ముదురు ఆకులు, మిగిలిన మెతుకులు రోజూ పారేస్తున్నారు. అవి కోళ్ళకు మేత కదా! కోళ్ళ పెంట మళ్ళీ మొక్కలకు ఎరువు కదా!

పెరటి పెంపకం కోసమే తయారైన కోడి రకాలు ఉన్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాటిని తయారుచేసింది. వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికొస్తుంది. గ్రామప్రియ గుడ్లకు మేలు. నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గ్రామప్రియ 150 పైనే పెడుతుంది. అయితే నాటుకోడిలాగా పొదగదు. పిల్లలు కావాలంటే మళ్ళీ కొనుక్కోవాల్సిందే.

కోడలు 6 వారాల వయసున్న గ్రామప్రియ పిల్లల్ని 12 తెచ్చింది. వాటితో పాటు ఒక చీటీ ఇచ్చారు. సన్నటి అక్షరాలు. తరువాత చదువుదాంలే అని బియ్యం డబ్బా మీద పెట్టింది. ఆ చీటీ జారి డబ్బా వెనక పడింది.

కోడిపిల్లలు మొదటి రోజే పాలకూర మడి గీకి పారేశాయి. మేస్త్రీ పాత వల తెచ్చి మడుల చుట్టూ కట్టాడు. ఎవరూ అడక్కుండానే కట్టాడు! రాత్రి పిల్లులు, పందికొక్కులు రాకుండా కోళ్ళను గూట్లో మూసేవారు. వాటి పెంట గుంటలో వేసి, మీద ఎండుటాకులు కప్పేవారు. పచ్చి పెంట వేస్తే మొక్కలు మాడతాయి. కొన్ని నెలలు మాగి, మట్టి వాసన వచ్చాకే మడికి వేయాలి.

నవంబరులో ఒక ఉదయం రెండు కోళ్ళు ముక్కు తెరిచి రొప్పుతున్నాయి. పచ్చగా పారుకుంటున్నాయి. మూడో రోజుకు ఒకదాని మెడ మెలి తిరిగింది. వారంలో 9 కోళ్ళు చచ్చిపోయాయి. అదే కొక్కెర తెగులు. అది వచ్చాక మందు లేదు. రాకముందే టీకా వేయించాలి.

అత్త ఏడుస్తూ గొయ్యి తీసింది. వీధి కాలవలో పారేస్తే పక్కిళ్ళ కోళ్ళకూ అంటుకుంటుంది. లోతుగా పాతిపెట్టి సున్నం చల్లారు.

గూడు కడిగి, వంటిల్లు కూడా సర్దుతుంటే కోడలికి ఆ చీటీ దొరికింది. కూర్చుని ఒక్కో అక్షరం చదివింది. "8వ వారంలో కొక్కెర తెగులు టీకా తప్పక వేయించాలి."

"అత్తయ్యా, నాకు చదువొచ్చి కూడా చదవలేదు" అంది.

"అది పోయింది. ఇప్పుడు చదివావుగా. ఏం చెయ్యాలో చెప్పు" అంది అత్త.

మర్నాడు కోడలు పశువుల ఆసుపత్రికి వెళ్ళింది. టీకా మందు చల్లగా ఉండాలట. ఒక సీసాలో చాలా కోళ్ళకు సరిపడా మందు ఉంటుందట. తెరిచి మందు కలిపాక గంట, రెండు గంటల్లో వాడెయ్యాలట. మూడు కోళ్ళ కోసం సీసా తెరిస్తే మిగతాదంతా వృథా. కోడలు వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. "వదినా, మీకెన్ని కోళ్ళు? పిన్నీ, మీకెన్ని?" అని అడిగి రాసుకుంది. నాలుగు ఇళ్ళల్లో కలిపి 41 తేలాయి.

సంక్రాంతి వచ్చింది. చిక్కుడు పందిరి నిండా కాయలు. మేస్త్రీ నోటు పుస్తకం తీశాడు. ఈసారి నవ్వలేదు. మొదటి నుంచి చదివించుకున్నాడు. గది అద్దె అంత డబ్బు పెరటి నుంచి రాదు. ఆ మాట నిజం. కానీ మడులు వరసగా కోతకు రావడం మొదలయ్యాక ఆకుకూర ఒక్కరోజు కూడా కొనలేదు. చచ్చిన 9 కోళ్ళ లెక్క కూడా కోడలు దాచకుండా రాసింది.

"గది సంగతి ఉగాదికి చూద్దాం" అన్నాడు. పాత ఇటుకలతో కోళ్ళకు గూడు కట్టడం మొదలుపెట్టాడు.

గూటికి సున్నం వేసి, ఇంకొన్ని వారాలు ఆగి కోడలు మళ్ళీ 6 పిల్లల్ని తెచ్చింది. వాటి చీటీని ఈసారి గూటి పక్కన గోడకు, కళ్ళకు ఎదురుగా అంటించింది. దాని కింద పెద్ద అక్షరాలతో టీకా తేదీ రాసింది.