పైలట్‌కూ రోగికీ ఒకే ఆక్సిజన్



రోగికి ఆక్సిజన్ మాస్కు పెట్టగానే "ఇక ఆశ లేదు కాబోలు" అని కొందరు బెంగపడతారు. కాని యుద్ధవిమానం నడిపే ఆరోగ్యవంతుడైన పైలట్ కూడా మాస్కు పెట్టుకునే ఎగురుతాడు. ఎందుకో తెలుసుకుందాం.

పైకి వెళితే ఏమవుతుంది?

గాలిలో ఆక్సిజన్ పైనైనా కిందనైనా సుమారు 21 శాతమే. అయితే ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. 18,000 అడుగుల ఎత్తున అది సగమే. అందువల్ల రక్తంలోకి చేరే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 35,000 అడుగుల వద్ద ఆక్సిజన్ అందకపోతే ఒక నిమిషంలోపే ఆలోచనాశక్తి పోతుంది. నొప్పి ఉండదు, ఆయాసం కూడా తెలియకపోవచ్చు. మనిషి మత్తులోకి జారిపోతాడు. 2005 ఆగస్టు 14న సైప్రస్ నుండి ఏథెన్స్ బయలుదేరిన హీలియోస్ విమానంలో గాలి ఒత్తిడిని కాపాడే మీట సరైన స్థానంలో లేదు. హెచ్చరిక మోగినా పైలట్లు దానిని వేరొకటిగా భావించి, చివరకు స్పృహ తప్పారు. 121 మంది మరణించారు.

విమానంలోనే తయారీ

మన తేజస్ విమానం కోసం బెంగుళూరులోని డెబెల్ అనే రక్షణ పరిశోధనశాల, ఇంజను నుండి వచ్చే గాలిలోంచే ఆక్సిజన్ తీసే యంత్రాన్ని రూపొందించింది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి చెత్త తీస్తారు కదా! అలాగే జియోలైట్ అనే గుళికలు గాలిలోని నత్రజనిని పట్టుకొని ఆక్సిజన్‌ను వదులుతాయి. 2021లో కోవిడ్ విజృంభించినప్పుడు ఈ పద్ధతితోనే నిమిషానికి 1,000 లీటర్లు ఇచ్చే ప్లాంట్లను ఆస్పత్రుల కోసం తయారుచేశారు. ఇళ్ళలో వాడే కాన్సన్‌ట్రేటరు కూడా ఇలాగే పనిచేస్తుంది.

మనం గుర్తుంచుకోవలసినవి

1. రోగి మత్తుగా ఉన్నా, మాట తడబడినా, పెదవులు నీలిబడినా "నిద్రపోతున్నాడులే" అని ఊరుకోకండి. వెంటనే సిస్టరును పిలవండి.

2. ఆక్సిజన్ కూడా మందే. మీటరును మీరే తిప్పకండి. పొగ వల్ల ఊపిరితిత్తులు దీర్ఘకాలంగా పాడైనవారికి అది ఎక్కువైనా ప్రమాదమే.

3. ఆక్సిజన్ ఉన్నచోట బీడీ, చుట్ట, అగ్గిపుల్ల, దీపం వద్దు. సిలిండరు వాల్వుకు నూనె, గ్రీజు తగలనివ్వకండి.

4. ఇంట్లో కాన్సన్‌ట్రేటరు వాడేవారు కరెంటు పోతుందని తలచి, డాక్టరును అడిగి నిండు సిలిండరు సిద్ధంగా ఉంచుకోండి.