పండు ఈగ నేర్పే చక్కెర పాఠం



చక్కెర శరీరానికి శక్తినిస్తుందని మనం హైస్కూల్లోనే చదువుకున్నాం. దానికి మరో పని కూడా ఉంది. కణంలో తయారయ్యే చాలా ప్రోటీన్లకు ఎంజైములు చక్కెర అణువులను తగిలిస్తాయి. దీన్ని గ్లైకోసైలేషన్ అంటారు. చక్కెర సరైన చోట తగలకపోతే ప్రోటీను పని చెడుతుంది. ఈ సంగతిని బాగా చూపించింది పండు ఈగ.

మన అంగళ్లు టమోటా మార్కెట్లో మెత్తబడిన కాయల మీద ముసిరే ఎర్ర కళ్ల సన్న ఈగలను మీరు చూసే ఉంటారు. శాస్త్రవేత్తలు వాటిని డ్రోసోఫిలా అంటారు. వాటి మీద పరిశోధించే మోర్గాన్ 1933లో నోబెల్ బహుమతి పొందారు.

ఈగ కణం పైపొరలో 'నాచ్' అనే ప్రోటీను ఉంటుంది. పక్క కణం పంపే కబురును అది లోపలికి చేరవేస్తుంది. ఏ కణం వెంట్రుక కావాలి, రెక్క అంచు ఎక్కడ రావాలి అన్నది ఆ కబురును బట్టే తేలుతుంది. నాచ్ జన్యువు దెబ్బతింటే రెక్క అంచున గంటు పడుతుంది. ఇంగ్లీషులో నాచ్ అంటే గంటే.

నాచ్ మీద ఉండే ఫ్యూకోజ్ అనే చక్కెరకు 'ఫ్రింజ్' ఎంజైము మరో చక్కెరను కలుపుతుందని 2000లో తెలిసింది. అప్పుడు నాచ్‌కు 'డెల్టా' పంపే కబురు బాగా అందుతుంది, 'సెర్రేట్' పంపేది తగ్గుతుంది.

నాచ్‌కు గ్లూకోజ్ తగిలించే 'రూమి' ఎంజైమును 2008లో కనుగొన్నారు. అది లేని ఈగలను 18 డిగ్రీల చలిలో పెంచితే లోపం అంతగా కనబడదు. వేడి పెరిగేకొద్దీ వెంట్రుకలు రాలేని స్థితి వస్తుంది. మన రైతులు టమోటా మొక్కకు కట్టె నాటి కడతారు కదా! కాయల బరువు పెరిగినప్పుడే ఆ కట్టె విలువ తెలుస్తుంది. వేడిలో నాచ్‌కు గ్లూకోజ్ అలాంటి ఊతం.

ఇదే జన్యువు మనిషిలోనూ ఉంది. దానిలో లోపం వల్ల స్పెయిన్‌లో ఒకే కుటుంబపు తోబుట్టువులకు కండరాలు క్షీణించాయని 2016లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపం వస్తేనే ఆ జబ్బు వస్తుంది. మేనమామకో, మేనబావకో ఇచ్చే పెళ్లిళ్లలో ఇలా రెండూ కలిసే అవకాశం ఎక్కువ. అలా పుట్టిన బిడ్డను చూసి పాపమనీ, శాపమనీ అనుకోవడం అన్యాయం.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. మీలో చాలామందీ అలాంటివాళ్లే అవుతారు. కాబట్టి ఈ మాట ఇంట్లో చెప్పవలసింది మనమే. బాగా చదవండి, చదివింది నలుగురికీ చెప్పండి.