అద్దె గదా? హాస్టల్ బెడ్డా? – చట్టం ఏమంటుంది



మన హాస్టల్ విడిచిన తర్వాత చాలామందిమి ఉప్పల్, నాచారం చుట్టుపక్కలే గది వెతుక్కుంటాం. కోచింగ్ అయినా, యూనివర్సిటీ అయినా, కంపెనీలో పని అయినా దగ్గర. వరంగల్ రోడ్డు నుంచి వచ్చేవాళ్ళకు దిగేది కూడా ఉప్పల్ రింగ్ రోడ్డే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. అగ్రిమెంట్ కాగితం చేతికిస్తే చదివి చెప్పే పెద్దలు మనలో చాలామంది ఇళ్ళల్లో లేరు. అందుకే తమ్ముళ్ళు, చెల్లెళ్ళ కోసం నాలుగు విషయాలు రాస్తున్నాను.

1. రెండూ ఒకటి కాదు

టు-లెట్ బోర్డు చూసి గది తీసుకుంటే మనం కిరాయిదారులం. ప్రైవేటు హాస్టల్లో బెడ్ తీసుకుంటే మనకు ఉండేది అనుమతి మాత్రమే. 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం హోటల్, బోర్డింగ్ హౌస్ గదులను "భవనం" అనే నిర్వచనం నుంచే తీసేసింది. పరీక్ష కోసం రెండు రోజులు దిగే గది కూడా ఇలాంటిదే.

2. గది తీసుకుంటే

1960 చట్టం కింద అద్దెకు రసీదు అడగవచ్చు. నీళ్ళు, కరెంటు ఆపి ఖాళీ చేయించకూడదు. కానీ 2005 సవరణ ప్రకారం కట్టి 15 ఏళ్ళు నిండని ఇళ్ళకు, కార్పొరేషన్ ప్రాంతాల్లో అద్దె రూ. 3,500 దాటిన ఇళ్ళకు ఈ చట్టం వర్తించదు. నేటి అద్దెలకు మనం తీసుకునే గదుల్లో చాలావరకు దీని బయటే ఉంటాయి.

అప్పుడు 1882 ఆస్తి బదిలీ చట్టం దిక్కు. అగ్రిమెంట్‌లో వేరే షరతు లేకపోతే, నెలవారీ అద్దె గది ఖాళీ చేయించడానికి 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. సామాన్లు బయట పడేసి తాళం వేస్తే, 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు కోర్టుకు వెళ్ళవచ్చు.

అగ్రిమెంట్ 11 నెలలకే ఎందుకు రాస్తారు? రాష్ట్ర సవరణతో ఇక్కడ ఏ లీజునైనా రిజిస్టర్ చేయించాల్సి ఉన్నా, ఏడాది దాటిన లీజునే రిజిస్టర్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం మొదట చెప్పింది. అందుకని.

అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించరాదని కొందరు వాదిస్తారు. అది 2021లో కేంద్రం తెచ్చిన నమూనా చట్టంలోని మాట. రాష్ట్రం చట్టం చేస్తేనే అమలవుతుంది. కనుక అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, రంగులకు ఎంత కోస్తారు అన్నవి ముందే రాయించుకోవాలి.

3. బెడ్ తీసుకుంటే

వసతి, భోజనం 2019 వినియోగదారుల చట్టం కింద "సేవ". అడ్వాన్స్ తిరిగివ్వకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల వరకు ఫీజు లేదు. రసీదు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచుకోండి. నెలకు రూ. 20,000 లోపు కట్టి వరుసగా 90 రోజులు ఉండేవారికి 2024 జులై నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది.

4. "మీరేమిట్లు?"

గది నచ్చి, అడ్వాన్స్ మాట్లాడాక ఈ ప్రశ్న వస్తుంది. జవాబు విన్నాక "మా చుట్టాలు వస్తున్నారు" అంటారు. నాకూ జరిగింది, మీలో చాలామందికీ జరిగే ఉంటుంది. అంటరానితనం కారణంగా నివాసం ఉండనివ్వకపోవడం 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ కింద నేరం. బాధితుడు ఎస్సీ అయితే, కాదని రుజువయ్యే వరకు అంటరానితనమే కారణమని కోర్టు భావించాలని 12వ సెక్షన్ చెబుతుంది. సాక్షిగా ఒక మిత్రుణ్ణి వెంట తీసుకెళ్ళడం మంచిది.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం ఇచ్చింది. నంబరు 15100. దీన్ని గది గోడ మీద రాసి పెట్టుకోండి. చదివిన చదువు మొదట మన తల మీద కప్పును కాపాడాలి.